పదిహేనేళ్ల నిద్ర... ఆటోనగర్‌లో మెలకువ

విజయవాడ బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు మీద కాస్త ముందుకెళితే చాలు, ఆటోనగర్ వచ్చేసిందని కళ్లకంటే ముందు చెవులు చెబుతాయి. ఠంగు ఠంగుమని సుత్తి దెబ్బలు, గ్రైండర్ల కీచు, హారన్ బాగుచేస్తున్నవాడెవడో అదే పనిగా మోగించే మోత. గేటు లోపలికి అడుగు పెడితే కమాను కట్టల కొట్లు ఒకచోట, రేడియేటర్ల వాళ్లు ఒకచోట, లేత్ మిషన్లు ఇంకోచోట. చాసిస్‌గా వచ్చిన లారీ ఇక్కడే తొట్టి కట్టించుకుని, ముక్కు మీద నిమ్మకాయలు, అద్దం మీద దేవుడి పేరుతో పెళ్లికొడుకులా బయటికెళుతుంది. 1960ల్లో పుట్టిన ఈ పేటను 2014లో 'ఆటోనగర్ సూర్య' సినిమా రాష్ట్రమంతా తెలిసేలా చేసింది కానీ, లారీ ఉన్న ప్రతి ఇంటికీ ఈ పేరు అంతకుముందే తెలుసు.

నేను వెళ్లింది లారీ తొట్ల గురించి రాద్దామని. దీపావళి వెళ్లిన వారం. ఒక సందు మలుపులో చిన్న ట్రక్కు మీంచి నలుగురు కలిసి ఏదో దింపుతున్నారు. పైన ఎండిపోయిన తాటాకులు, వాటికింద పాత గోనెపట్టాలు. అవి లాగేసరికి గుప్పుమని దుమ్ము లేచింది. రెండు చక్రాల బండి మీద ఒకపక్క డీజిల్ ఇంజిన్, దానికి అతికించినట్టు ఇంకోపక్క పీపాలాంటి జనరేటర్. రంగు ఏమిటో చెప్పడం కష్టం.

''జాగ్రత్తరా... ఎడమ చక్రం వంకర'' అంటున్నారు పక్కనే నిలబడ్డ పెద్దాయన. పంచె, చేతిలో గుడ్డసంచి, కళ్లకి శుక్లాల ఆపరేషన్ నాటి మందపాటి అద్దాలు. వాళ్లది దివిసీమ, అవనిగడ్డ దిగువన ఓ పల్లె. పామర్రు మీదుగా తెల్లవారుజామున బయల్దేరి వచ్చారట. వెంట కొడుకు. అతని మొహంలో మాత్రం ఉత్సాహం లేదు. ''ఇనుప కొట్టుకి వేద్దామంటే వినడు మేడమ్ మా నాన్న. దీనికి పెట్టే డబ్బుతో ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్, చిన్న జనరేటర్ వచ్చేస్తాయి. చేత్తో పట్టుకెళ్లొచ్చు'' అన్నాడు.

కొడుకు మాటలో తప్పేం లేదు. ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా భుజానికి తగిలించుకునే మిషన్లే. మరి ఇంత బరువు ఎందుకు? పెద్దాయన జవాబు 1977లో మొదలైంది.

ఆ ఏడాది నవంబర్ 19న వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. 10 వేల మందికి పైగా పోయారు. తర్వాతి ఏళ్లలో కాంక్రీటు ఇళ్లు, తుపాను షెల్టర్లు, కొత్త రోడ్లు కట్టడానికి ఎక్కడెక్కడి నుంచో కాంట్రాక్టర్లు దిగారు. కరెంటు తీగలు లేనిచోట ఇనుము అతికించాలంటే ఇంజిన్‌తో నడిచే ఇలాంటి వెల్డింగ్ సెట్టే దిక్కు. ఇరవై ఏళ్లు దాటిన ఈయన అలాంటి ఓ సెట్టు దగ్గర రాడ్లు అందించే కుర్రాడిగా చేరారు. అద్దం పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నారు. చివరికి కాంట్రాక్టరు ఊరు వదిలి వెళుతుంటే ఆ సెట్టునే వాయిదాల మీద కొనుక్కున్నారు. ట్రాక్టర్ తొట్లు, లాకు తలుపులు, రైసుమిల్లు ఎలివేటర్లు, గుడి గేట్లు... ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు, కొడుకు ఐటీఐ చదువు అన్నీ ఈ బండి చప్పుడులోంచే వచ్చాయి. 2010లో చూపు మందగించింది. షాపులోకి త్రీఫేజ్ కరెంటు వచ్చింది. బండిని పాకలోకి తోసి తాటాకులు కప్పారు. అంతే, మళ్లీ తీయలేదు.

ఇప్పుడెందుకు తీశారంటే, వరి కోతలు. డెల్టాలో ఇప్పుడు కొడవలి కంటే కోత మిషన్ ఎక్కువ. తడి చేలో దిగిన చైను మిషన్ ఏ బ్రాకెట్టో విరిగి ఆగిపోతే దాన్ని షాపు దాకా తేలేరు, చేలోకి కరెంటు రాదు. ఆకాశంలో మబ్బు చూస్తూ రైతు గట్టు మీద కూర్చోవాలి. ''చేలోకి బండి మనమే పంపితే?'' అన్నది పెద్దాయన ఆలోచన. దానికి ఇన్వర్టర్ చాలని కొడుకు. పల్చటి రేకుకి చాలు, లావు ఇనుముకి గంటలకొద్దీ మంట ఆగకుండా కావాలంటే ఇదే కావాలని తండ్రి. ఈ తగవు తీర్చాల్సింది మేస్త్రీ.

మేస్త్రీకి అరవై దాటాయి. రేకుల షెడ్డు, నూనె పీల్చి నల్లబడ్డ నేల. ముగ్గురు కుర్రాళ్లున్నారు కానీ వాళ్లకి తెలిసింది ఇన్వర్టర్ బోర్డులు. పాత డీసీ జనరేటర్ విప్పితే లోపల ఏముందో ఈ షెడ్డులో తెలిసింది ఆయనొక్కడికే. కుర్రాళ్లలో ఒకడు ఉత్సాహంగా హ్యాండిల్ తెచ్చి ఇంజిన్‌కి తగిలించబోయాడు. మేస్త్రీ గట్టిగా ఒక్క కేక వేశారు. ''పదిహేనేళ్లు పడుకున్నోణ్ణి తన్ని లేపుతావట్రా?''

ఆరిపోయిన ఇంజిన్‌ని బలవంతంగా తిప్పితే తుప్పుపట్టిన రింగులు సిలిండర్‌ని గీసేస్తాయట. అందుకే ముందు నాజిళ్లు విప్పి, ఆ రంధ్రాల్లోంచి డీజిలూ ఇంజినాయిలూ కలిపి పోశారు. రెండ్రోజులు అలాగే వదిలేశారు. మూడోరోజు ఫ్లైవీల్ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే కదల్లేదు. మళ్లీ పోశారు. నాలుగోరోజు వేలెడంత జరిగింది. అంతకే పెద్దాయన మొహం వెలిగింది. ఆ సాయంత్రానికి ఫ్లైవీల్ పూర్తిగా చుట్టు తిరిగింది.

డీజిల్ ట్యాంకులో మిగిలింది డీజిల్ కాదు, బెల్లం పాకంలాంటి జిగురు. వార్నిష్ వాసన. ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, పంపునీ నాజిళ్లనీ రెండు సందుల అవతల పంపు షాపుకి పంపారు. ఆటోనగర్ సుఖమే అది. ఒకరికి రాని పని పక్కసందులో ఇంకొకరికి వస్తుంది. నాజిల్‌ని పరీక్ష మిషన్‌కి బిగించి పిడి నొక్కితే డీజిల్ మంచుతెరలా రావాలి. ఒకటి అలా వచ్చింది, రెండోది మూత్రధారలా పడింది. అది మార్చారు.

అసలు కథ జనరేటర్‌లో ఉంది. మూత తీస్తే లోపల కందిరీగలు కట్టిన మట్టిగూళ్లు, ఎలుక కొరికిన రెండు వైర్లు. సముద్రపు గాలికి రాగి అంతా చిలుము. వైండింగ్‌లో తేమ ఎంతుందో చూడ్డానికి మెగ్గర్ పెడితే ముల్లు సున్నా దగ్గరే తచ్చాడింది. అలాంటప్పుడు ఇంజిన్ నడిపితే వైండింగ్ కాలిపోతుంది. కాలితే చేతికి వచ్చేది రాగి ధరే. చుట్టూ గోనెలు కట్టి, లోపల హాలోజన్ లైట్లు వెలిగించి, రెండు రాత్రులు వెచ్చబెట్టారు, బాలింతకి కుంపటి పెట్టినట్టు! మూడో ఉదయం ముల్లు ఒక మెగోమ్ దాటింది. ''బతికింది'' అన్నారు మేస్త్రీ.

తర్వాత కమ్యుటేటర్. రాగి పలకలు పక్కపక్కన పేర్చి చేసిన గుండ్రటి దుంగ అనుకోండి. దాని మీద కార్బన్ బ్రష్షులు రాసుకుంటూ ఉంటే కరెంటు బయటికొస్తుంది. దాన్ని కర్రకు రుద్దే ఉప్పు కాగితంతోనే రుద్దాలి, ఇనుముకి వాడే నల్ల ఎమరీ కాగితం దగ్గరికి రానీకూడదు. ఆ పొడి పలకల మధ్య ఇరుక్కుంటే కరెంటు అడ్డదారి పడుతుంది. పలకల మధ్య అభ్రకాన్ని హాక్సా బ్లేడు ముక్కతో ఒక్కొక్క గాడే గీశారు మేస్త్రీ. దానికే ఒక పూట. నేను టీ తాగి, రెండు తొట్ల షెడ్లు తిరిగి వచ్చేసరికి కూడా అదే భంగిమలో ఉన్నారు.

ఆ ఖాళీలో ఒక కుర్రాడు ఫోన్‌లో వీడియోలు చూపించాడు. అమెరికాలో పైప్‌లైన్ వెల్డర్లకి లింకన్ ఎస్ఏ-200 అనే పాత సెట్టంటే ప్రాణమట. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్‌తో నడిచే ఆ సెట్లను పొలాల్లోంచి, చెట్లకిందనుంచి తీసుకొచ్చి ఇలాగే బతికించుకుంటారు. అక్కడా ముందు సిలిండర్లలో నూనె పోయడమే, అక్కడా ఆ ఉప్పు కాగితమే. మేస్త్రీ తలెత్తి చూసి ''వాళ్ల షెడ్లో ఫ్యాన్ ఉందిరా'' అన్నారు.

తొమ్మిదోరోజు ముహూర్తం. ఫిల్టర్ దగ్గర మర వదులు చేసి, బుడగలు ఆగేదాకా గాలి తీశారు. ఇంజిన్ తల మీది చిన్న లివర్లు ఎత్తి పట్టి ఒకరు, హ్యాండిల్ కొడుతూ ఇంకొకరు. రెండుసార్లు తుస్సుమంది. మూడోసారి లివర్లు వదలగానే... డబ్, డబ్, డబడబడబ! తెల్లటి పొగ షెడ్డంతా నిండింది. పక్క షాపులవాళ్లు కూడా తొంగిచూశారు. పొగ నీలంగా మారి, పల్చబడి, మోత ఒక లయకి వచ్చింది.

అందరం చప్పట్లు కొట్టబోయాం. మేస్త్రీ మాత్రం మీటర్ చూస్తున్నారు. వోల్టేజీ లేదు. కొడుకు నా వైపు చూశాడు, నేను చెప్పలేదా అన్నట్టు. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా ట్యాంకు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. నాకే గొంతులో ఏదో అడ్డుపడింది.

మేస్త్రీ కంగారు పడలేదు. ఈ జనరేటర్ తనకు కావాల్సిన అయస్కాంత శక్తిని తానే పుట్టించుకుంటుంది, కానీ మొదలు కావడానికి ఇనుములో కాస్త పాత అయస్కాంతం మిగిలి ఉండాలి. ఏళ్లతరబడి పడుకుంటే అది పోతుంది. పాలు తోడుకోవాలంటే కాస్త పెరుగు కావాలి కదా! లారీ బ్యాటరీ ఒకటి తెప్పించారు. ఇంజిన్ ఆపి, ప్లస్సు మైనస్సు రెండుసార్లు సరిచూసుకుని, ఫీల్డ్ వైర్లకి ఆ 12 వోల్టులు కొన్ని క్షణాలు అంటించి తీసేశారు. మళ్లీ హ్యాండిల్. ముల్లు కదిలింది. 20... 40... 70 దగ్గర నిలబడింది.

''అన్నగారూ, మీరే కొట్టండి'' అని మేస్త్రీ హోల్డర్ ఇచ్చారు. పెద్దాయన మందపాటి అద్దాల మీదే వెల్డింగ్ అద్దం పెట్టుకుని, 10 గేజ్ రాడ్ బిగించి పలక మీద తాకించారు. రాడ్ అతుక్కుపోయింది. విదిలించి లాగారు. రెండోసారీ అతుక్కుంది. కుర్రాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు. మూడోసారి నూనెలో వడియాలు వేగినట్టు చిటపటమని మొదలైంది, ఇక ఆగలేదు. రాడ్ చివరి దాకా కాల్చి, సుత్తితో కొట్టి స్లాగ్ రాల్చారు. కింద సన్నని అలలు వరసగా. ఒకచోట వంకర పోయింది. కొడుకు వంగి ఆ వంకరనే వేలితో తడిమి, తండ్రి చేతిలోంచి హోల్డర్ తీసుకున్నాడు. ''కరెంటు కొంచెం తగ్గించు నాన్నా'' అన్నాడు.

బిల్లు ఎంతైందో రాయొద్దన్నారు మేస్త్రీ. ''ఆ రేటుకే చేయమని అందరూ వస్తారమ్మాయ్'' అన్నారు. నిజానికి రావాలనే ఆయన కోరిక అనుకుంటాను. బండి ట్రక్కెక్కుతుంటే మాత్రం వదలకుండా చెప్పారు, నెలకోసారైనా పావుగంట నడపాలని, ఊరికే కాదు, ఒకటి రెండు రాడ్లు కాలుస్తూ నడపాలని.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం కొడుకు ఫోన్ చేశాడు. వెనక ఇంజిన్ మోతకి సగం మాటలు వినపడలేదు. కోత మిషన్ చైను పక్కన బ్రాకెట్ విరిగిందట, చేలోనే అతికిస్తున్నారట. తండ్రి గట్టు మీద కూర్చుని తప్పులు పడుతున్నాడట.

''మేడమ్, ఆటోనగర్ వైపు వెళితే మేస్త్రీకి ఒక మాట చెప్పండి. ఎడమ చక్రం ఇంకా వంకరగానే ఉంది.''