దిగడం ఈజీనే... ఎక్కడమే!

కయాక్ ఎలా నడపాలో యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు చూశాం. దాన్ని ఒడ్డు మీంచి నదిలోకి ఎలా దించాలి, మళ్లీ పైకి ఎలా ఎక్కించాలి అన్నది మాత్రం ఒక్కటీ చూడలేదు. మేం దొరికిపోయింది అక్కడే.

నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సొంతూరు నరసరావుపేట దగ్గర పల్లె. మా రూమ్మేట్‌ది వరంగల్. ఇద్దరం డబ్బులేసుకుని ఒక సెకండ్‌హ్యాండ్ కయాక్ కొన్నాం. ఇద్దరు కూర్చునేది, బరువు 32 కిలోలు.

మా దగ్గర పారేది ట్రినిటీ నది. దాని ఉపనది ఎల్మ్ ఫోర్క్, లూయిస్‌విల్ డ్యామ్ దాటి కారొల్టన్ మీదుగా డాలస్ వైపు వస్తుంది. ట్రినిటీ మీద సుమారు 130 మైళ్ల పడవదారి ఉంది. 2020లో దానికి జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. పడవలు దించుకోవడానికి అక్కడక్కడా రేవులున్నాయి. మేమేమో కారు దగ్గరగా పెట్టుకోవచ్చని రేవు లేని చోట దిగాం. ఒడ్డు ఎత్తు రెండు నిలువులుంటుంది. గోడలా కాదుగానీ బాగా ఏటవాలు. ముందు రోజు వాన పడింది. కయాక్‌ని అలా వదిలితే జర్రున జారి నీళ్లలో పడింది. వెనకే మేమూ జారాం. తెగ నవ్వుకున్నాం.

రెండు గంటలు హాయిగా గడిచాయి. పడిపోయిన మానుల మీద తాబేళ్లు ఎండ కాగుతున్నాయి. ఒడ్డున కొంగలు. దూరంగా హైవే హోరు. నాలుగేళ్లుగా ఇక్కడుంటూ ఇంత దగ్గర్లో ఇలాంటి చోటుందని నాకు తెలీదు.

తిరిగొచ్చి ఒడ్డు చూస్తే నవ్వు పోయింది. కాలు పెడితే మడమ దాకా దిగబడుతోంది. లాగితే షూకి రెండు కిలోల బురద. అది నల్లరేగడి! టెక్సాస్‌లో ఈ ప్రాంతాన్ని బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. మా పల్నాడు పత్తి చేలల్లో ఉన్నలాంటి మట్టే. తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది.

నేను పైనుంచి హ్యాండిల్ పట్టి లాగుతున్నా. వాడు కింద నుంచి నెడుతున్నాడు. సగం దూరం వచ్చాక నా కాలు జారింది. చెయ్యి వదిలేశాను.

"మామా, తప్పుకో!" అని అరిచేలోపే కయాక్ కిందికి దూసుకెళ్లింది. వాడు పక్కకి దూకాడు. అప్పటిదాకా వాడి మోకాలున్న చోట పడవ తోక నేలలో గుచ్చుకుంది. మూడు రోజుల్లో వాడికి ఇండియా ఫ్లైట్. చెల్లి పెళ్లి. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. "లైట్ తీస్కో" అన్నాడు వాడే, మోకాలు తడుముకుంటూ.

అప్పుడు మా తాతయ్య గుర్తొచ్చారు. వాగు గట్టు దగ్గర బండి దిగబడితే ఆయన ఎద్దుల్ని అదిలించేవారు కాదు. ముందు సరుకు దించేవారు. కయాక్‌ని ఊపి చూస్తే లోపల గలగలమంది. లీటరు నీళ్లంటే కిలో బరువు. బిరడా తీసి పక్కకి వంచితే బకెట్ల కొద్దీ నీళ్లు కారాయి. ఇంతసేపూ నదిని కూడా మోస్తున్నామన్నమాట.

కారులోంచి తాడు తెచ్చాం. ముందు కొసకి కట్టి, పైనున్న లావుపాటి చెట్టుకి ఒక చుట్టు తిప్పాం. ఫస్టియర్ ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో చదివిన రాపిడి లెక్క ఇదే. 45 డిగ్రీల వాలు మీద 32 కిలోల పడవ 23 కిలోల బలంతో కిందికి లాగుతుంది. రాపిడి గుణకం 0.3 అనుకుంటే, ఒక్క చుట్టు చాలు, కొసని మూడున్నర కిలోల బలంతో పట్టుకుంటే పడవ ఆగుతుంది. పరీక్షలో బట్టీ కొట్టి రాసిన ఫార్ములా ఇక్కడ పనికొచ్చింది. అయితే చెట్టు పట్టి ఉంచుతుందంతే, లాగిపెట్టదు. అందుకని ఇద్దరం పడవకి చెరో పక్క నిలబడి, అడుగు దూరం ఏటవాలుగా జరిపేవాళ్లం. వాడు పట్టుకుని ఉంటే నేను పైకెళ్లి తాడు బిగించేవాణ్ణి. పడవ కింద మాత్రం ఎవరూ నిలబడలేదు. ఆ కాస్త ఎత్తు ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది.

మీరూ వెళ్తే రేవు ఉన్న చోటే దిగండి. తప్పకపోతే, పడవ దించకముందే ఒట్టి చేతులతో ఒకసారి దిగి ఎక్కి చూడండి. మీరే ఎక్కలేని చోట పడవ ఎక్కదు. లైఫ్ జాకెట్ ఒడ్డు మీదే వేసుకోండి. మూడేసి ఆకులుండే మొక్కల్ని పట్టుకోకండి. పాయిజన్ ఐవీ అయితే వారాలపాటు దురద. డ్యామ్ నీళ్లు వదిలితే మట్టం మారుతుంది కాబట్టి యూఎస్‌జీఎస్ సైట్‌లో చూసుకుని బయల్దేరండి.

వాడు పెళ్లికి వెళ్లాడు. బారాత్‌లో డాన్స్ చేస్తున్న వీడియో పంపాడు. రెండు కాళ్లూ బాగానే ఎగురుతున్నాయి. నేను ఆ వీడియో నాలుగుసార్లు చూశాను.