బొమ్మలగుట్టకు కాల్షీట్ ఎవరిస్తారు?

డ్యూయెట్ అనగానే మన నిర్మాతలకు విమానం టిక్కెట్లు గుర్తొస్తాయి. ఒకప్పుడు ఊటీ, తర్వాత స్విట్జర్లాండ్... రేపు ఆర్మీనియాలో కొండను తొలిచి కట్టిన గెగార్డ్ మఠం ముందు హీరోహీరోయిన్లు గంతులేసినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పరాయి రాయి మనకంత ముద్దు! మరి మన రాయి సంగతో?

ఆదిలాబాద్ జిల్లా కుంతాల జలపాతం దగ్గర ఆదివారం ఇసకేస్తే రాలనంత జనం. కడెం వాగు దాదాపు 45 మీటర్ల ఎత్తునుంచి దూకుతుంటే ఎవరు మాత్రం చూడరు? నేనూ కళ్లారా చూశాను. ఆ మర్నాడు కరీంనగర్ వచ్చి, జగిత్యాల రోడ్డు పట్టి, గంగాధర మండలంలోని కురిక్యాల బొమ్మలగుట్టకు వెళ్లాను. అక్కడ నేను తప్ప పిట్ట లేదు!

"గా గుట్ట మీద ఏమున్నయ్ సారూ, బొమ్మలే గద!" అన్నాడు దారిలో టీ కొట్టాయన.

బొమ్మలే! బండమీద చక్రేశ్వరీదేవి, జైన తీర్థంకరులు. ఆ కింద అక్షరాలు. వేములవాడ చాళుక్యుల కాలంలో, సుమారు క్రీ.శ. 945లో జినవల్లభుడు చెక్కించినవి. ఈయన ఎవరనుకున్నారు? కన్నడ ఆదికవి పంపడికి సాక్షాత్తూ తమ్ముడు! ఇక్కడ త్రిభువనతిలకమనే జైన బసది కట్టించాడు, చెరువు తవ్వించాడు, తోట వేయించాడు. సంస్కృత, కన్నడాలతోపాటు మూడు తెలుగు కందపద్యాలూ చెక్కించాడు. నన్నయగారు భారతం చేపట్టింది 11వ శతాబ్దంలో. అంటే ఆయనకు సుమారు నూరేళ్ల ముందే మన కందం ఈ గుట్టమీద నడిచిందన్నమాట! 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా దక్కిందంటే, అందుకు సాక్ష్యం చెప్పినవాటిలో ఈ బండా ఒకటి.

కానీ కరీంనగర్ గ్రానైట్‌కు విదేశాల్లో గిరాకీ ఎక్కువ. ఎన్నో గుట్టలు దిమ్మెలై ఓడలెక్కాయి. బొమ్మలగుట్ట మీదా క్వారీల కన్ను పడిందని చరిత్రకారులు మొత్తుకోవలసి వచ్చింది. పగిలిన పద్యానికి రీటేక్ ఉండదు కదండీ!

సినిమాలో కనబడ్డ చోటికి జనం వెతుక్కుంటూ వస్తారు. జనం మసిలే చోట సుత్తి లేవడం కష్టం. దర్శకమహాశయులారా, పాట అక్కర్లేదు, ఒక్క షాట్ చాలు! పాఠకులారా, మీరూ వెళ్లండి. పద్యాల పక్కన మీ పేర్లు మాత్రం చెక్కకండి!