నాపరాయి మీద ల్యాప్‌టాప్

నరసరావుపేట బస్టాండులో దిగేసరికి పదకొండు కావొస్తోంది. మే నెల. తలమీద రుమాలో, కొంగో లేని మనిషి కనిపించడం లేదు. అక్క, బావ, మేనకోడలు గురజాల నుంచి ముందే వచ్చి సోడా బండి పక్కన నీడలో నిలబడ్డారు. బావ చొక్కా లోపలి జేబుని పదేపదే తడుముకుంటున్నాడు. అందులో 30 వేలున్నాయి. మిర్చి అమ్మి, ఎరువుల కొట్లో బాకీ తీర్చాక మిగిలిన డబ్బు.

'ఈసారన్నా పనికొచ్చేది చూడరా' అంది అక్క.

ఆ మాట వెనక ఓ కథ ఉంది. రెండేళ్ల క్రితం పిల్ల ఇంటర్లో చేరగానే తళతళలాడే కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. అందులో ర్యామ్ 4 జీబీ, స్టోరేజీ 64 జీబీ. కొట్టువాడు ఆ సంగతి చెప్పలేదు, వీళ్లు అడగలేదు. విండోస్, దాని అప్‌డేట్లతోనే ఆ 64 కాస్తా నిండిపోయింది. పెంచుదామంటే రెండూ బోర్డుకే అతికించి ఉన్నాయి. ఆర్నెల్లకే అది అటకెక్కింది. ఇప్పుడు పిల్ల బీటెక్‌లో చేరబోతోంది. రెండోసారి మోసపోయే స్తోమత ఆ ఇంటికి లేదు.

పేరు కాదు, తరం చూడాలి

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. అప్పటి నుంచీ నరసరావుపేటే జిల్లా కేంద్రం. ఆఫీసు పనైనా, కాలేజీ పనైనా గురజాల, మాచర్ల వైపు వాళ్లంతా ఇక్కడికి రావాల్సిందే. మేం వెళ్లిన దుకాణంలో కొత్తవాటితోపాటు, పెద్ద కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసినవీ ఉన్నాయి. మా డబ్బుకి అవే మేలనిపించింది. ఆఫీసు వాడకానికి చేసినవి కాబట్టి చాలావాటికి మూత గట్టిగా ఉంటుంది, ర్యామ్ పెంచుకునే వీలూ ఉంటుంది.

'ఐ7 అన్నా, ఇరవైకే ఇస్తా' అన్నాడు కుర్రాడు. ఐ7 అనగానే బావ మొహం వెలిగింది. నేను మేనకోడల్ని వెనకున్న నంబరు చూడమన్నాను. ఐ7-6600 అని ఉంది. గీత తర్వాతి అంకె తరాన్ని చెబుతుంది.

'ఆరో తరం మావయ్యా!'

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరమో, ఆ తర్వాతిదో అయితేనే విండోస్ 11కి అధికారికంగా అర్హత. ఐ7 అన్న పేరు ఎంత పెద్దదైనా ఆరో తరం మాకు వద్దు. చివరికి ఐ5-10210 దొరికింది. పదో తరం. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. పాత హార్డ్ డిస్కులా లోపల తిరిగే పళ్లెం ఎస్ఎస్‌డీలో ఉండదు. అందుకే వేగం, కుదుపులకి తట్టుకునే గుణమూ ఎక్కువ.

మేనకోడలు ప్రతి మీటా నొక్కి చూసింది. తెర మీద తెల్లటి పేజీ తెరిచి మచ్చలు వెతికింది. బ్యాటరీ రిపోర్టు తీయమన్నాం. కొత్తలో ఉన్న సామర్థ్యంలో ఇంకా ఎంత మిగిలిందో అందులో తెలుస్తుంది. మూడొంతుల దాకా ఉంది. 24 వేలకి బేరం కుదిరింది. మూడు నెలల పూచీ బిల్లు మీద రాయించుకున్నాకే బావ జేబులో చెయ్యి పెట్టాడు.

తెల్లటి దుమ్ము

బస్సు పిడుగురాళ్ల వైపు బయల్దేరింది. పల్నాటి కథలో కోడిపందెం ఓడిన మలిదేవుల పక్షానికి ఏడేళ్ల వనవాసం. 'ఆ డబ్బా కొని మనం చేసింది రెండేళ్లేలే' అన్నాడు బావ. అక్క కూడా నవ్వేసింది.

పిడుగురాళ్ల అంటే సున్నం. బస్సు మారే వ్యవధిలో ఓ రిపేరు కొట్టుకి వెళ్లాం. మెకానిక్ ఓ సీపీయూ మూత తీస్తే లోపలంతా పిండి చల్లినట్టుంది. 'ఈ దుమ్ముకి తేమ తగిలితే అతుక్కుపోద్ది సార్. ఏడాదికి రెండుసార్లయినా దులపాల' అన్నాడు. పద్ధతీ ఆయనే చెప్పాడు. ముందు ప్లగ్గు తీసేయాలి. మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరక్కుండా పట్టుకోవాలి, లేకపోతే అతివేగంగా తిరిగి పాడవుతాయి. డెస్క్‌టాప్ ఆన్ కాకుండా బీప్ బీప్ అంటుంటే ర్యామ్ తీసి, బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. లోపల చెయ్యి పెట్టేముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఓసారి తాకాలి. ఒంట్లోని స్టాటిక్ కరెంటు దానికి పోతుంది.

ఎండా, ఎర్తింగూ

గురజాల పక్కనే రెంటచింతల. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ ఎక్కడంటే తరచూ వినిపించే పేరు. చాలా ల్యాప్‌టాప్‌లని గది వేడి 35 డిగ్రీలు దాటని చోట వాడమని కంపెనీలు చెబుతాయి. ఇక్కడ మేలో పగలు 40 దాటడం మామూలే! అందుకని తెల్లవారుజామున, పొద్దుగూకాక చదువుకోవాలని పిల్ల నిర్ణయించుకుంది. పరుపు మీద పెడితే కింది గాలి సందులు మూసుకుపోతాయి. వేడికి బ్యాటరీ ఆయుష్షూ తగ్గుతుంది. ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటే వాడుకోవడం మంచిది.

ఇంటికి చేరి ఛార్జర్ పెట్టగానే ల్యాప్‌టాప్ అంచు జివ్వుమంది. మూడు పిన్నుల ఛార్జరే. మరి ఎర్తింగ్ ఏమైనట్టు? ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ఎర్త్ గుంత ఎండి బీటలు వారింది. తీగ తుప్పుపట్టి తెగింది. మిగిలిన ఆరు వేలలో కొంత దానికే పోయింది. కొత్త తీగ వేసి, ఉప్పూ బొగ్గూ నింపి, నీళ్లు పోశారు. ఎండాకాలమంతా ఆ గుంతలో బిందెడు నీళ్లు పోయడం ఇక బావ పని. ఉరుములు మొదలైతే ప్లగ్గు తీయడం అక్క వంతు. పాఠాల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకీ ఎక్కించడం పిల్ల బాధ్యత.

పల్నాటి రాళ్లనీ, జొన్నకూటినీ శ్రీనాథుడు చాటువుల్లో దెప్పాడంటారు. మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే మేనకోడలు వసారాలో కూర్చుని ఉంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన నాపరాయి పలకని రెండు ఇటుకల మీద పెట్టి, దానిపై ల్యాప్‌టాప్ తెరిచింది. రాయి చదునుగా, చల్లగా ఉంది.

'ఇది వేడెక్కడం లేదు మావయ్యా' అంది.

బావ చెంబుతో నీళ్లు పట్టుకుని ఎర్త్ గుంత వైపు నడుస్తున్నాడు.