అడవిగడ్డల సాలన్

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక ఇది మొదటి చలికాలం. అమ్మీ ఇద్దత్‌లో ఉంది. నాలుగు నెలల పది రోజుల్లో సగం గడిచాయి. జనాజా లేచిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలగనివ్వరు మనవాళ్ళు. ఇరుగుపొరుగు నుంచి టిఫిన్ క్యారియర్లు వస్తూనే ఉంటాయి. నాలుగో రోజు నుంచి ఎవరి పని వాళ్ళది. అమ్మీకి ముద్ద దిగడం మానేసింది కూడా అప్పటినుంచే. రెండు ముద్దలు తిని "బస్, అల్‌హందులిల్లాహ్" అని ప్లేటు జరిపేసేది.

మాది నల్లమల అంచున, ఆత్మకూరు దగ్గర పల్లె. చలి మొదలవగానే ఒక చెంచు పెద్దమ్మ అడవిగడ్డలు, ఉసిరికాయలు గంపలో తెచ్చి మా గడప దగ్గర దించడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ రివాజు. అమ్మీ పైసలతో పాటు ఒక చీర, డబ్బాడు బియ్యం ఇచ్చేది. ఆ సాయంత్రం అబ్బా తప్పకుండా గోష్ తెచ్చేవారు. గడ్డల సాలన్, జొన్నరొట్టె. మా ఇంట్లో చలికాలం షురూ అయ్యేది దాంతోనే.

ఈసారి పెద్దమ్మ వచ్చింది గానీ గడప బయటే నిలబడిపోయింది. బీబమ్మ ఎవరికీ కనిపించకూడదని ఎవరో చెప్పారట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఇద్దత్ అంటే చీకటి గదిలో ఖైదు కాదు కదా! సింగారం, అత్తరు వద్దు. జరూరత్ లేకుండా ఇల్లు దాటకూడదు. అంతేగానీ ఆడవాళ్ళతో కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు, వంట చేసుకోవచ్చు. చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకోలేదు. చివరికి పెద్దమ్మే, "సాయిబు ఒక్కో గడ్డ గిల్లి చూసేవాడు బీబమ్మా, పురుగుందేమోనని" అంది. అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెళ్ళేముందు పెద్దమ్మ నాకు గంప చూపించింది. తినే గడ్డలు విడిగా, చేదుగడ్డలు గుడ్డలో మూటగా ఉన్నాయి. చేదువి తరిగి రాత్రంతా నానబెట్టాలి, నీళ్ళు పారబోస్తూ మళ్ళీమళ్ళీ ఉడకబెట్టాలి. తవ్వినప్పుడు తీగ మొదలు ముక్క గుంతలోనే వదిలి మట్టి కప్పి వస్తుందట. "లేకుంటే వచ్చే ఏడు మీకేం తెచ్చేది?" అంది.

అన్నీ విన్నాను. తీరా కడిగేటప్పుడు రెండు రకాలూ ఒకే తొట్టిలో పోసేశాను. మగ్రిబ్ నమాజ్ ముగించి ముసల్లా మీదే కూర్చున్న అమ్మీ అడిగింది. "బేటీ, చేదువి వేరే పెట్టావా?" నేను మాట్లాడలేదు.

అమ్మీ లేచి వంటింట్లోకి వచ్చింది. ఇన్ని రోజుల్లో అదే మొదటిసారి. తొట్టి ముందు పీట వేసుకుని, ఒక్కో గడ్డా బొటనవేలితో తడిమి వేరుచేసింది. అనుమానం ఉన్నవన్నీ చేదు కుప్పలోకే పోయాయి. "గొంతు పట్టేస్తుంది, తమాషా కాదు" అంది. తర్వాత నేను పక్కకి జరిగాను.

గడ్డలు తొక్కతోనే ఉడికించి ఒలిచింది. ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, మిర్చి, హల్దీ వేసి గోష్ దింపింది. చింతపండు బదులు గింజ తీసి నలిపిన ఉసిరి. చివర్లో కొబ్బరి, గసగసాల ముద్ద, ఆ తర్వాత గడ్డలు. మరో గుప్పెడు ఉసిరి తీసుకుని ఆగిపోయింది. అంత ఖట్టా అబ్బాకే ఇష్టం. ఒక్క క్షణం చేతిలోకి చూసుకుని, గిన్నెలో వేసేసింది.

ఇషా అయ్యాక పొయ్యి దగ్గరే దస్తర్‌ఖాన్ పరిచాను. సాలన్ పళ్ళు జివ్వుమనేంత పుల్లగా ఉంది. అమ్మీ ఒక రొట్టె తినేసి, రెండోదానికి చేయి చాపింది. "నమక్ తక్కువైంది" అంది. ఉప్పు డబ్బా జరిపాను.

పడుకునే ముందు చేదుగడ్డలు తరిగి నీళ్ళలో వేస్తూ, "పొద్దున నీళ్ళు మార్చడం నువ్వు మర్చిపోతావు, ఫజర్‌కి నేనే చూసుకుంటాలే" అంది.