మా ఇంటి క్రిస్మసు విందు



డిసెంబరు నెల వచ్చినదనగా మా సంఘములోని స్త్రీలు నన్ను అడుగు ప్రశ్న ఒకటున్నది. "అమ్మా, పండుగకు పిల్లలు, కోడళ్లు, అల్లుళ్లు అందరూ వస్తున్నారు. నక్షత్రం కొనాలి, తోరణాలు కొనాలి, కేకు తేవాలి, మాంసం తేవాలి. చేతిలో చూస్తే డబ్బు లేదు. ఏం చేయమంటారు?" అని. బజారులో కొనువారిని నేను తప్పుపట్టను. మా మనుమడే ప్రతి ఏడు రంగుదీపముల తీగ ఒకటి తెచ్చి వాకిట వ్రేలాడదీయును, అది రెండవ రోజుకు సగము వెలిగి సగము ఆరిపోవును. అయితే ఆ ప్రశ్న విన్నప్పుడెల్ల నాకు 1967వ సంవత్సరపు పండుగ జ్ఞాపకము వచ్చును. ఆ సంగతి చెప్పినచో వంటలును అలంకారములును అందులోనే వచ్చును గనుక, దానినే చెప్పెదను.

మా ఊరు బాపట్లకును సముద్రమునకును నడుమ నున్నది. నాడది గుంటూరు జిల్లా. 2022 నుండి బాపట్ల జిల్లా యైనది. అప్పటికి నాకు పదేండ్లు. మా తాతగారు చనిపోయిన తరువాత ఎకరమున్నర పొలమును మా నాన్నయు, మా చిన్నాన్నయు పంచుకొనిరి. పంచుకొన్న మరుసటి సంవత్సరమే గట్టు దగ్గర మాట వచ్చెను. "నువ్వు గట్టు చెక్కావు" అని ఈయన, "నువ్వే చెక్కావు" అని ఆయన. ఎవరు చెక్కిరో దేవునికే తెలియును. ఎవరు చెక్కినను రెండు జానలకు మించి ఉండదు. దానికొరకు ఒక్క వాకిలిగా నున్న ఇంటి నడుమ రొమ్మెత్తు మట్టిగోడ లేచెను. రెండేండ్లు అన్నదమ్ములకు మాటలు లేవు. గుడిలో ఒకరు ద్వారము ప్రక్కను, ఒకరు కిటికీ ప్రక్కను కూర్చుండెడివారు. మా నాయనమ్మ మా భాగములో ఉండెను. పండుగనాడు రెండవ కుమారుడు లేని బంతిలో ఆమె ముద్ద మ్రింగలేక, విస్తరి ముందునుండి లేచిపోయెడిది.

అంతకుముందటి సంవత్సరము నాన్న గోడ అవతలివారికి తీసిపోకూడదని అప్పుచేసి పండుగ చేసెను. మేకమాంసము, అందరికి కొత్తబట్టలు, బాపట్లనుండి రంగుకాగితపు గొలుసులు. తరువాత ధాన్యము నూర్చిన రోజున అప్పిచ్చినవాడు గోనెలు పట్టుకొని కళ్లములోనే నిలుచుండెను. అందుచేత ఈసారి అమ్మ ముందుగానే ఖండితముగా చెప్పినది: "ఈ ఏడు పైసా అప్పు తేవద్దు. ఇంట్లో ఉన్నదానితోనే నేను చేస్తాను."

ఇంటిలో ఏమున్నది? కోతలకాలము గనుక కూలిక్రింద వచ్చిన కొత్తవడ్లు, కొత్త వరిగడ్డి ఉన్నవి. ఒక బెల్లపు కుండ, మినుములు కొద్దిగా, పెరటిలో కోళ్లు నాలుగు. తాటాకు, కొబ్బరాకు ఊరంతయు ఉన్నవి.

మొదట చెట్టు. క్రిస్మసు చెట్టు పెట్టు ఆచారము జర్మనీ దేశమునుండి లోకమునకు వచ్చినదని చెప్పుదురు. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యరుగారు కూడ అక్కడ పుట్టినవారే. ఆ చలిదేశపు సూదియాకుల చెట్టు మనకెక్కడిది? మా తీరమున సరుగుడు ఉన్నది. సరుగుడు కూడ ఇక్కడిది కాదు. నూరేండ్లకు పైబడిన కాలమున వంటచెరకుకును, రైలుబండ్ల కట్టెలకును సముద్రపు ఒడ్డున నాటినారట. మేము తోటవానినడిగి నరికిన చెట్టుకొమ్మ ఒకటి తెచ్చి, పాతకుండలో తడియిసుక నింపి నిలబెట్టితిమి. ఇసుకకు రోజు ఒక చెంబెడు నీళ్లు పోసినచో కొమ్మ వారము రోజులు పచ్చగా నుండును.

దానికి కోడిగుడ్ల డొల్లలు కట్టితిమి. గుడ్డు రెండు కొనలయందు సూదితో రంధ్రము చేసి, ఒక ప్రక్కనుండి ఊదినచో సొన గిన్నెలోనికి జారును. ఆ సొన పిండివంటకు పనికివచ్చును. డొల్లను కడిగి, లోపలికి నీళ్లు పోనిచ్చి, ఉల్లిపొట్టు మరిగించిన నీళ్లలో ముంచి ఉంచినచో ఇటుకరంగు, పసుపునీళ్లలో ఉంచినచో పసుపురంగు పట్టును. సిగరెట్టు పెట్టెలలోని వెండికాగితము ఏరి నక్షత్రములు కత్తిరించితిమి. నేను మంచు కావలెనని కొంత దూది కూడ అంటించితిని. అమ్మ చూచి, "మన ఊళ్లో మంచు ఎప్పుడు పడిందే? అది దీపాల వత్తులకు దాచాను" అని తీసివేసినది. తాటాకు చిలుకలు అల్లుట నాయనమ్మ పని. వరికంకుల కుచ్చు చూరుకు కట్టగా, మరునాటినుండి పిచ్చుకలే మాకు పాటల గుంపాయెను.

గుమ్మమునకు మామిడాకులు, వాకిట ముగ్గు. ఇవి మనకు కూడవని సంఘములో కొందరు పెద్దలనెడివారు. నాయనమ్మ వారితో వాదించలేదు. "మామిడిచెట్టును చేసినదెవరో ఆయన పుట్టినరోజుకే కదా కట్టేది" అని ఆకులు గుచ్చుకొనుచు కూర్చుండెను.

ఇక నక్షత్రము. మా వీధిలో నక్షత్రము కట్టుట చిన్నాన్నకే తెలియును. రెండేండ్లుగా మా చూరున నక్షత్రము లేదు. ఈసారి అమ్మయు నేనును కూర్చుండి వెదురు చీల్చి కట్టితిమి. ఒక కొమ్ము పొడవు, ఒక కొమ్ము పొట్టి, చూచుటకు కాలు విరిగిన ఎండ్రకాయవలె నుండెను. అమ్మ దానిని అటుఇటు త్రిప్పి చూచి, నా చేతికిచ్చి మెల్లగా ఇట్లనెను: "దీన్ని తీసుకుపోయి చిన్నాన్నకు చూపించు. ఎక్కడ తప్పు కట్టామో అమ్మ అడగమంది అని చెప్పు. ఇంకో మాట అనకు."

నేను గోడ చుట్టిపోయితిని. నాకు గుండె దడదడ కొట్టుకొనుచుండెను. చిన్నాన్న చుట్ట కాల్చుచు కూర్చుండెను. నక్షత్రమును చాలసేపు చూచి, "బద్దలన్నీ ఒక్క కొలతకు తెగాలని మీ అమ్మకు తెలియదా?" అని కట్లన్నియు విప్పివేసెను.

ఆయన కట్టిన విధము చెప్పెదను, మీరును చేయవచ్చును. రెండడుగుల బద్దలు పది, చిటికెనవ్రేలి మందమున, కణుపులు నున్నగా చెక్కినవి కావలెను. అయిదు బద్దలతో ఒక నక్షత్రము, తక్కిన అయిదింటితో రెండవది కట్టి, బద్దలు ఒకదానినొకటి దాటుచోట్ల కూడ పురికొసతో బిగించవలెను. ఒకదానిమీద ఒకటి పెట్టి అయిదు కొనలను జతగా కట్టిన తరువాత, నడుమ అయిదు మూలలయందు బెత్తెడు పుల్లలు నిలువుగా పెట్టినచో రెండును ఎడమై, నక్షత్రము పొట్ట ఉబ్బి నిలుచును. గాలిపటముల కాగితము అంటించుటకు మైదాపిండి ఉడికించి, చిటికెడు మైలుతుత్తము కలిపినచో బొద్దింకలు ముట్టవు. అది విషము గనుక పిల్లలకు అందనీయక, చేతులు బాగుగ కడుగుకొనవలెను. దీపము పెట్టుటకు వెనుక ఒక ముక్క అంటించక విడువవలెను; పొగపోవుటకు పైకొన తెరచి ఉంచవలెను. నాడు బుడ్డిదీపము పెట్టి, కాగితము అంటుకొనునేమోయని ఒకరు కావలి కూర్చుండెడివారము. నేడు బ్యాటరీ దీపము చాలును.

చిన్నాన్న నన్ను బద్ద పట్టుకొనుమని, తాను కట్టుచు సాయంత్రమువరకు కూర్చుండెను. ఈ పని ఒంటరిగా కుదరదు. ఒకరు పట్టవలెను, ఒకరు కట్టవలెను. అయిన తరువాత "తీసుకుపో" అనెను గాని గోడ ఇవతలికి రాలేదు.

ఆ మరునాడు అమ్మ గోడమీదుగా పిన్నిని పిలిచినది. "చెల్లీ, అరిసెల పాకం నాకు కుదిరేట్టు లేదు, ఒకసారి వచ్చి చూస్తావా?" పెండ్లియై వచ్చినది మొదలు ఏటేట అరిసెలు వండిన అమ్మకు పాకము తెలియదనుమాట నేనెన్నడును వినలేదు! పిన్ని కొంత తడవు పలుకలేదు. తరువాత అరిసెల చెక్కలు కొంగుక్రింద పెట్టుకొని వచ్చినది.

అరిసెలకు బియ్యము ఒక పగలు, ఒక రాత్రి నానవలెను. నీళ్లు వడకట్టి, తడి ఆరకముందే దంచి జల్లించవలెను. పిండి ఆరినచో అరిసె పగులును. బెల్లము కరిగి మరుగునప్పుడు ఒక చుక్క నీళ్లలో వేసి చూడవలెను. వ్రేళ్లకు మెత్తని ఉండగా వచ్చినప్పుడు దింపవలెను. ముదిరినచో అరిసె రాయియగును, లేతగా నున్నచో నూనెలో విడిపోవును. పాకములో పిండి పోయునప్పుడు ఒకరు పోయుచుండగా ఒకరు కలుపవలెను. ఒకరు నూనెలోనుండి తీయగా ఒకరు చెక్కలనడుమ నొక్కవలెను. పిన్ని నొక్కుచుండగా అమ్మ తీయుచుండెను. మొదటి వాయి నిశ్శబ్దముగా జరిగెను. రెండవ వాయిలో పిన్ని, "అక్కా, నువ్వులు కాస్త ఎక్కువెయ్యి" అనెను. మూడవ వాయికి ఇద్దరును ఏడ్చుచుండిరి, పొగవలననని చెప్పిరి.

గులాబిపువ్వులు కూడ ఆనాడే చేసిరి. ఆ గుత్తి బడిపంతులమ్మగారిది. మా పేటకంతటికి అదొక్కటే గనుక ఇల్లిల్లు తిరిగి తిరిగి ఆమె చేతికి సంక్రాంతికి చేరెడిది. బియ్యపుపిండి, దానిలో సగము మైదా, పంచదార, కొబ్బరిపాలు, ఊది తీసిన గుడ్లసొన కలిపి దోసెపిండివలె జారుగా చేయవలెను. గుత్తిని నూనెలో బాగుగ కాచి, పిండిలో ముప్పాతిక వంతే ముంచవలెను. పూర్తిగా ముంచినచో పువ్వు ఊడిరాదు.

ముందటి ఆదివారము పాస్టరయ్యగారు మత్తయి సువార్త అయిదవ అధ్యాయములోని, బలిపీఠమునొద్ద అర్పణము విడిచి సహోదరునియొద్దకు పోవు సంగతి బోధించియుండిరి. నాన్న తలవంచుకొని వినెను. చిన్నాన్న కిటికీలోనుండి బయటకు చూచెను. ఇద్దరిలో ఎవరును పోలేదు.

క్రిస్మసు ముందు దినము ఉదయమున అమ్మ నాచేత బాదమాకులతో విస్తళ్లు కుట్టించినది. మేమయిదుగురము, నాయనమ్మతో ఆరుగురము. పదకొండు కుట్టుమన్నది. "ఎవరికమ్మా?" అంటిని. "కుట్టవే, లెక్కలు నీకెందుకు" అనెను. చిన్నాన్న ఇంట అయిదుగురు.

సాయంత్రము నాన్న నక్షత్రమును వెదురుగడకు కట్టి ఒక్కడే చూరుమీదికి ఎత్తబోయెను. గాలికి గడ అటు తూగెను, ఇటు తూగెను. ఒకసారి నక్షత్రము తాటాకు కప్పును తాకి కాగితము చిరిగెను. గోడ అవతలినుండి చిన్నాన్న చూచుచుండెనని నేనెరుగుదును. ఆయన చుట్టనిప్పు కనబడుచుండెను. తాను కట్టిన నక్షత్రము చిరిగిన తరువాత ఆయన నిలువలేకపోయెను. గోడ చుట్టిరాక, దాటియే వచ్చి, ఏమియు పలుకక నిచ్చెన యెక్కి గడ కొన పట్టుకొనెను. నాన్న మొదలు పట్టుకొనెను. అమ్మ దీపము చేతపట్టుకొని కదలక నిలుచుండెను.

"ఎడమకు" అనెను నాన్న.

"ఎడమకేనా?"

"ఇంకొంచెం."

రెండేండ్ల తరువాత వారాడిన మాటలవియే. వేరే క్షమాపణలు నేను వినలేదు. చిరిగినచోట నాయనమ్మ తడి మైదాతో ముక్క అంటించెను.

ఆ రాత్రి విందు కొత్త వరిగడ్డిమీద చాపలు పరచి పెట్టితిమి. ఒక్క కోడి, పదకొండుమంది. అమ్మ దానిలో బంగాళాదుంపలు వేసి, గసగసాలు, కొబ్బరి నూరి పులుసు చిక్కజేసి, గారెలు వండినది. గారెపిండి చుక్క నీళ్లలో వేయగా తేలినచో సరిగా రుబ్బినట్లు. పులిహోర, పరమాన్నము కూడ నుండెను. పరమాన్నములో బెల్లము దింపి కాస్త చల్లారిన తరువాతనే వేయవలెను. మరుగు పాలలో వేసినచో విరుగును. అమ్మ కందనకాయ నాన్న విస్తరిలో వడ్డించెను. చిన్నతనమునుండి అది చిన్నాన్నకే ఇష్టమట. నాన్న ఆయన ముఖము చూడకుండ దానిని తీసి ఆయన విస్తరిలో పెట్టెను. నాయనమ్మ ఆ రాత్రి విస్తరి ముందునుండి లేవలేదు. రెండు అరిసెలు తినెను.

గట్టు తగవు ఆ రాత్రితో తీరలేదు. వేసవిలో సంఘపెద్దలు తాడుతో కొలిచి రాయి పాతిరి, అప్పుడు కూడ కొంత గొణుగుడు జరిగెను. గోడను ఎవరును పడగొట్టలేదు. రెండు వర్షాకాలములకు అది కరిగి మోకాలెత్తుకు వచ్చెను, ఎవరును మెత్తలేదు. కోళ్లు దానిమీద కూర్చుండెడివి.

ఆ నక్షత్రపు చట్రము ఈనాటికిని మా అటకమీద నున్నది. పురికొస ఎన్నిమారులో మారినది. బద్దలు మూడు క్రొత్తవి, ఏడు చిన్నాన్న చెక్కినవే. నిన్న మనుమలతో దించితిని. పాతకాగితమును చింపవద్దు పిల్లలారా, తడిగుడ్డతో నానబెట్టి మెల్లగా ఒలవండి అని చెప్పి, ఒకరిని పట్టుకొనుమని నేను కట్టుటకు కూర్చుంటిని.