మృగం ఎక్కడుంది?

విలియం గోల్డింగ్ 1954లో రాసిన ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ నవల పేరుకు ఈగల ప్రభువు అని అర్థం. ఎక్రోను దేవత బయల్జెబూబు పేరుకూ అదే అర్థం చెబుతారు.

యుద్ధకాలంలో విమానం కూలి, పెద్దలెవరూ లేని దీవిలో బడిపిల్లలు చిక్కుకుంటారు. మొదట్లో శంఖం ఊది సభ కూడతారు. తర్వాత మృగముందన్న భయం పుడుతుంది. వేటగాళ్లు పంది తలను కర్రకు గుచ్చి దానికి కానుకగా పెడతారు. ఈగలు ముసురుతాయి.

కొండమీదున్నది మృగం కాదు, పారాచూట్‌కు చిక్కుకున్న శవమని సైమన్ చూస్తాడు. ఆ సంగతి చెప్పడానికి చీకట్లో వస్తే, చిందులేస్తున్న పిల్లలు అతణ్ణే మృగమనుకొని చంపేస్తారు. మంచివాళ్లైన రాల్ఫ్, పిగ్గీ కూడా ఆ గుంపులో ఉన్నారు. మర్నాడు పిగ్గీ అది ప్రమాదమంటాడు. రాల్ఫ్ మాత్రం హత్య అంటాడు.

మనం ఏమంటున్నాం? మన సంఘంలో ఒక చెల్లెలి మీద పుకారు లేచినప్పుడు మనం పుట్టించలేదు, నిజమే. కానీ ఆపలేదు. సేవకులమైన మేమూ వింటూ ఊరుకున్నాం. ఆమె ఇప్పుడు ఆరాధనకు రావడం లేదు.

రాల్ఫ్‌లా ఉన్నదున్నట్టు ఒప్పుకుందాం. ఈ ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి రాకముందే ఆమె గుమ్మం దగ్గరికి వెళ్దాం. ముందు మేము వెళ్తాం.