చక్రాల ఇంట్లో మంచినీళ్ళు

ప్రయాణం అనగానే మనం ఆడవాళ్ళం ముందుగా దేని గురించి ఆలోచిస్తాం చెప్పండి? చీరలు, పచ్చళ్ళు, పిల్లల మందులు... వీటన్నిటికంటే ముందు మంచినీళ్ళు! మన పెద్దవాళ్ళు మరచెంబు లేకుండా గడప దాటేవారు కాదు. రైలెక్కినా, బండి కట్టుకుని తిరునాళ్ళకు వెళ్ళినా ఇంటి నీళ్ళు వెంట ఉండవలసిందే. ఇప్పుడు మరచెంబు పోయి ప్లాస్టిక్ సీసా వచ్చింది గానీ ఆ దిగులు మాత్రం పోలేదు. మరి ఇల్లే మన వెంట వస్తే? వంటిల్లు, కుళాయి, స్నానాల గది అన్నీ చక్రాల మీద కదిలి వస్తే మంచినీళ్ళ సంగతేమిటి? ఇంగ్లండులో మా అమ్మాయి వాళ్ళతో వారం రోజులు అలాంటి ఇంట్లో కాపురం చేసి వచ్చాను. ఆ ముచ్చట్లే ఇవి.

దాన్ని వాళ్ళు టూరింగ్ కారవాన్ అంటారు. మన సినిమావాళ్ళ కారవాన్ అనుకునేరు, దానికీ దీనికీ పోలిక లేదు. దీనికి ఇంజను ఉండదు. కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కుపోవాలి. లోపల గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, పగలు సోఫాగానూ రాత్రి మంచంగానూ మారే బల్లలు, ఒక మూల బుల్లి స్నానాల గది. అగ్గిపెట్టెలో చీర పట్టించినట్టు ఎంత పొందిగ్గా అమర్చారో! దీన్ని లాగే కారు పెద్ద రోడ్డు మీద కూడా గంటకు 60 మైళ్ళు దాటకూడదట. అందుకే ప్రయాణం నింపాదిగా, చుట్టూ చూసుకుంటూ సాగుతుంది.

మా అమ్మాయి వాళ్ళుండేది మాంచెస్టర్‌లో. మేం వెళ్ళింది అక్కడికి ఉత్తరాన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌కి. పేరుకు తగ్గట్టే సరస్సుల సీమ. 1951లో దాన్ని నేషనల్ పార్కుగా ప్రకటించారు, 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఎటు చూసినా పచ్చటి కొండలు, వాటి మీద తెల్లటి చుక్కల్లా గొర్రెలు, రాతి గోడలు, కింద అద్దంలాంటి నీళ్ళు. మేం దిగిన కెజిక్ ఊరిని ఆనుకునే డెర్వెంట్ వాటర్ అనే సరస్సు ఉంది. జూన్ నెల కావడంతో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురే! ఆ దగ్గర్లోనే సీత్‌వెయిట్ అనే పల్లె ఉంది. ఇంగ్లండులో మనుషులుండే ఊళ్ళన్నిటిలోకీ ఎక్కువ వాన పడేది అక్కడేనట. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల పైమాటే. అంటే నీళ్ళకు ఏ లోటూ లేని చోటు. అయినా మాకు మొదటి చిక్కు నీళ్ళతోనే వచ్చింది.

మా అల్లుడు ఆ కారవాన్‌ని సెకండ్‌హ్యాండులో కొన్నాడు. చలికాలమంతా ఎక్కడో మూలన పడి ఉన్న బండి. మా మనవరాలికి అప్పటికి ఏడు నెలలు, పోతపాలు తాగే పిల్ల. బయలుదేరడానికి మూడు రోజుల ముందు ఇంటి దగ్గరే కుళాయి తిప్పి చూశాం. నీళ్ళు తేటగానే వచ్చాయి. కానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత పూలకుండీ వాసన!

"దారిలో సీసా నీళ్ళు కొనేసుకుందాం బాబూ" అన్నాను నేను. "అత్తయ్యగారూ, ఈ దేశంలో కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు" అన్నాడు అల్లుడు. మా అమ్మాయి ఇద్దరి మాటా విని, "కుళాయి నీళ్ళు మంచివే అమ్మా. అవి ఈ గొట్టాల్లోంచి రావాలి కదా, అదీ సంగతి" అంది. సరిగ్గా చెప్పింది! నీళ్ళు పుట్టినచోటు ఎంత మంచిదైనా, చేరిన పాత్ర బాగుండకపోతే ఏం లాభం?

ఆ ఇంట్లోకి నీళ్ళెలా వస్తాయో చెబుతాను, వినండి. కారవాన్‌కి బయట ఒక ప్లాస్టిక్ పీపా ఉంటుంది. ఆక్వారోల్ అని పిలుస్తారు. 40 లీటర్లు పడుతుంది. అంటే నిండితే 40 కిలోలు, ఎత్తడం ఎవరి తరం? అందుకని దాన్ని పడుకోబెట్టి, పిడి తగిలించి, రోడ్డు రోలరులా దొర్లించుకుంటూ తెస్తారు. మూత తీసి అందులో చిన్న కరెంటు పంపు దింపుతారు. లోపల కుళాయి తిప్పగానే ఆ పంపు నీళ్ళను తోడి సన్నటి గొట్టాల్లోంచి సింకుకు, షవరుకు, నీళ్ళు కాగే హీటరుకు పంపుతుంది. వాడిన నీళ్ళు వేరే గొట్టంలోంచి బయట ఇంకో తొట్టిలో పడతాయి.

ఇందులో చిక్కంతా ఆ సన్నటి గొట్టాలదే. బిందె అయితే చెయ్యి పెట్టి తోముతాం. గొట్టంలో చెయ్యి దూరదు కదా! నెలల తరబడి తడి నిలిచిన గొట్టం లోపల జిగురు పొర కడుతుంది. చెరువు మెట్ల మీద పాచి చూడండి, అలాంటిదే. ఆ పొరలో సూక్ష్మక్రిములు ఇల్లు కట్టుకుంటాయి. మామూలు నీళ్ళు ఎన్నిసార్లు పోసినా ఆ పొర కదలదు.

అందుకని మేం చేసిన పని ఇదీ. మొదట పాత నీళ్ళన్నీ వదిలేశాం. పీపాను సబ్బు నీళ్ళతో, పొడుగు పిడి ఉన్న మెత్తటి బ్రష్షుతో తోమాం. పంపును, దాని గొట్టాన్ని విడిగా కడిగాం. నీళ్ళు వడపోసే గుళిక ఒకటుంటుంది, దాన్ని తీసి పారేశాం. పాత గుళికను ఉంచి మందు పోయడం దండగ.

తరువాత మందు. అక్కడ పసిపిల్లల పాలసీసాలు శుద్ధి చేయడానికి మిల్టన్ అనే ద్రవం దొరుకుతుంది. మన ఫ్లాస్కుల మిల్టన్ కాదు సుమా! అందులో ఉండేది 2 శాతం సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచింగు జాతిదే. 40 లీటర్ల నీళ్ళలో 100 మిల్లీలీటర్లు కలిపితే లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. ఆ నీళ్ళను పంపుతో ప్రతి కుళాయిలోనూ మందు వాసన వచ్చేదాకా వదిలి, కుళాయిలు కట్టేసి గంటసేపు అలాగే ఉంచాం. తరువాత మంచినీళ్ళతో వాసన పూర్తిగా పోయేదాకా, నాలుగైదు పీపాలు, అన్ని కుళాయిల్లోంచీ వదిలాం. ఇది గొట్టాలు కడిగే మోతాదు, తాగే నీళ్ళలో కలిపే మోతాదు కాదు, గుర్తుంచుకోండి. సువాసన కలిపిన బ్లీచింగు ద్రవాలు అసలు పనికిరావు.

హీటరు సంగతి వేరు. అందులో సుమారు 10 లీటర్ల స్టీలు ట్యాంకు ఉంది. స్టీలుకు క్లోరిన్ పడదని దానితో వచ్చిన పుస్తకంలో ఉంది. మందు పోసేటప్పుడు దాన్ని పక్కకు తప్పించే మర తిప్పాం. దాన్ని అంతకు ముందు రోజే వెనిగర్ నీళ్ళతో నింపి ఉంచి, శుభ్రంగా కడిగేశాం. ఇక్కడ ఒక్కమాట. వెనిగర్, బ్లీచింగు ఎప్పుడూ ఒకచోట కలవకూడదు. కలిస్తే విషవాయువు పుడుతుంది. ఇది మన బాత్‌రూము కడిగే యాసిడ్లకూ వర్తిస్తుంది. ఒకటి పూర్తిగా కడిగేశాకే రెండోదాని జోలికి పోవాలి.

షవరు గురించి కూడా చెప్పాలి. లెజియోనెల్లా అనే క్రిమి ఉంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక సభకు వచ్చినవాళ్ళకు అంతుపట్టని న్యుమోనియా వచ్చినప్పుడు దీని సంగతి బయటపడింది. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవున్న నీళ్ళలో బాగా పెరుగుతుంది. తాగితే కంటే, షవరు తుంపరను పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయి హాని చేస్తుంది. అందుకే షవరు తలను విప్పి కడిగి, మొదటి నీళ్ళను చిమ్మకుండా గొట్టంలోంచే వదిలేయాలి. హీటరు నీళ్ళు గోరువెచ్చగా కాకుండా 60 డిగ్రీలు దాటేలా బాగా కాగాలి. అలా కాగిన నీళ్ళను ఒంటి మీద పోసుకునే ముందు చన్నీళ్ళు తొలుపుకోవాలని వేరే చెప్పాలా?

ఇంత చేశాక కుళాయి తిప్పితే ఏ వాసనా లేదు! కొత్త గుళిక పెట్టి బయలుదేరాం. అన్నట్టు, ఈ గుళిక రుచి, వాసన బాగుచేస్తుందే గానీ క్రిముల్ని చంపదు. గడువు దాటితే అదే క్రిములకు నిలయమవుతుంది.

కెజిక్‌లో కారవాన్లు ఆపుకునే సైటులో పొద్దున్నే ఒక దృశ్యం చూసి నవ్వుకున్నాను. ఎటు చూసినా మగవాళ్ళు పీపాలు దొర్లించుకుంటూ వరసగా కుళాయి దగ్గరికి! మన వైపు బిందెలన్నీ ఆడవాళ్ళ నడుముల మీదే కదా. అక్కడ నిలబడి మగవాళ్ళు వాతావరణం గురించి మాట్లాడుకుంటుంటే, మన వీధి కుళాయి కబుర్లే గుర్తొచ్చాయి.

అక్కడ కుళాయిలు రెండు రకాలు. ఒకటి తాగే నీళ్ళది. రెండోది మరుగుదొడ్డి తొట్టి కుమ్మరించి కడుక్కునే చోట ఉంటుంది. ఆ రెండోదాన్ని పొరపాటున కూడా మంచినీళ్ళకు వాడకూడదు. మంచినీళ్ళ కుళాయి అయినా మూతి తుడిచి, కాసేపు నీళ్ళు వదిలి అప్పుడు పట్టాలి. తోటకు నీళ్ళు పెట్టే గొట్టం వద్దు, తాగునీటికని విడిగా అమ్మే గొట్టమే వాడాలి. దాని కొన నేల మీద పడకూడదు. పీపాకు మూత ఉండాలి, ఎండ తగలకూడదు. ఎండ తగిలితే పాచి పడుతుంది. మిగిలిన నీళ్ళ మీద కొత్త నీళ్ళు పోయకుండా, మా అల్లుడు రోజూ పాతవి పారబోసి పట్టేవాడు.

పాపకు మాత్రం ఇంకో కట్టుబాటు పెట్టుకున్నాం. సైటు కుళాయి నుంచి నేరుగా కెటిల్లో పట్టి మరిగించి, అరగంట లోపల, నీళ్ళు 70 డిగ్రీలకు తగ్గకముందే పాలపొడి కలిపి, సీసాను చన్నీళ్ళలో ఆరబెట్టి పట్టేవాళ్ళం. ఒకసారి మరిగిన నీళ్ళు మళ్ళీ మరిగించలేదు. కొండల మీదికి వెళ్ళేటప్పుడు మరిగిన నీళ్ళు ఫ్లాస్కులో పోసుకునేవాళ్ళం. పోతపాలపొడి క్రిమిరహితం కాదు, అందుకే ఆ వేడి కావాలని అక్కడి ఆరోగ్యశాఖ వాళ్ళు తల్లులకు చెబుతారు. వారం రోజులూ పాప నవ్వుతూనే ఉంది. మాకంతకంటే ఏం కావాలి?

కెజిక్ నుంచి దక్షిణంగా అయిదు మైళ్ళు వెళితే థర్ల్‌మియర్ వస్తుంది. చూడటానికి సరస్సే గానీ, ఆనకట్ట కట్టి పెంచిన జలాశయం. మాంచెస్టర్ నగరం దాహం తీర్చడానికి కట్టారు. 1894 నుంచి ఇక్కడి నీళ్ళు 96 మైళ్ళ కాలువలో, సొరంగాల్లో, గొట్టాల్లో ఏ పంపూ లేకుండా పల్లానికి పారుతూ మాంచెస్టర్ చేరుతున్నాయి. దీనికోసం విత్‌బర్న్, ఆర్మ్‌బోత్ అనే పల్లెలు నీట మునిగాయి. విత్‌బర్న్ చర్చి మాత్రం ఒడ్డున మిగిలింది. దాని ముందు నిలబడితే మన నాగార్జునసాగర్, శ్రీశైలం ముంపు ఊళ్ళు తలపుకొచ్చి మనసు బరువెక్కింది. మనం తాగే ప్రతి గుక్క వెనకా ఎవరో వదులుకున్న గడప ఉంటుంది.

ఆ కొండల్లో సెలయేళ్ళు గాజులా మెరుస్తూ పారుతుంటాయి. దోసిలి పట్టి తాగాలనిపిస్తుంది. తాగకూడదు! పైన గొర్రెలు మేస్తుంటాయి, ఎక్కడో ఒకటి చచ్చి పడి ఉన్నా కింద తెలియదు. క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి జంతువుల పేడతో నీళ్ళలో చేరుతుంది. మామూలు క్లోరిన్‌కి అది లొంగదు, మరిగిస్తేనే చస్తుంది. మన పల్లెల్లో చిల్లగింజ అరగదీసి బురద నీళ్ళు తేటపరిచేవారు కదా. తేట పడటం వేరు, క్రిమి చావడం వేరు.

మరో సంగతి మీకు నచ్చుతుంది. ఆ ప్రాంతపు నీళ్ళు మెత్తటివి, సున్నం తక్కువ. కందిపప్పు ఎంత త్వరగా ఉడికిందనుకున్నారు! టీ కూడా కమ్మగా కుదిరింది. లండన్ వైపు నీళ్ళలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటుంది.

తిరిగొచ్చాక మా అల్లుడు కారవాన్‌లోని నీళ్ళన్నీ వదిలేసి, కుళాయిలు తెరిచే ఉంచాడు. చలికాలంలో గొట్టంలో నీళ్ళు గడ్డకడితే ఉబ్బి గొట్టం పగులుతుంది. తడి లేకపోతే పాచీ పట్టదు.

కారవాన్ మనకెందుకులే అనుకోకండి. మన మేడ మీద ట్యాంకు, గొట్టాలు, గీజరు చేసే పనీ అదే కదా! వేసవి సెలవులకు పుట్టింటికి వెళ్ళి వచ్చాక తాళం తీయగానే కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టకండి. ముందు ట్యాంకు ఖాళీ చేసి తోమించండి. బ్లీచింగు నీళ్ళు గంట నిలవుంచి, అన్ని కుళాయిల్లోంచీ వదిలి, మంచినీళ్ళతో కడిగించండి. షవరు తల విప్పి కడగండి. ఫిల్టరు మిషను ఉంటే గుళికల గడువు చూడండి. ట్యాంకు మూత బిగుతుగా ఉందో లేదో మీరే మేడెక్కి ఒకసారి చూసి రండి. ఆ మెట్లు ఎక్కిన శ్రమ పిల్లలకు వాంతులు, విరేచనాలు వచ్చినప్పుడు పడే శ్రమ కంటే చాలా తక్కువ!